బదులు పుస్తకంలో మూడు గళ్లు



ఆహ్వానపత్రికలో 'స్మారకోపన్యాసం' అని మాత్రమే ఉంది, ఎవరి స్మారకమో లేదు. అచ్చుతప్పేమోనని కొందరు ఫోను చేసి అడిగారు. తప్పు కాదు. చిత్తూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్సు చెప్పిన ఒక అయ్యవారి కోసం ఆయన శిష్యులు తలాకొంత వేసి పోగుచేసిన నిధి ఇది. దానికి తన పేరు పెట్టకూడదని ఆయన బతికుండగానే మా దగ్గర మాట తీసుకున్నారు. ఆ మాట దాటలేను. కాబట్టి ఈరోజు కూడా ఆయన నాకు అయ్యవారే.

నేను ఎంచుకున్న విషయం, ఒక దేశం తన అణు పరిశోధనా రియాక్టర్‌ను మరో దేశానికి పంపేటప్పుడు ఇచ్చే లైసెన్సు. ఈ మాట చెప్పగానే ఒక మిత్రుడు నవ్వాడు. "తిరుపతిలో కూర్చుని రియాక్టర్ల ఎగుమతి ఏంది సామీ!" అన్నాడు. నాకైతే ఎగుమతి లైసెన్సు గురించి తిరుపతికి తెలిసినంతగా మరో ఊరికి తెలియదనిపిస్తుంది. మన కొండల్లో ఎర్రచందనం ఉంది. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు దాటితే ఆ చెట్టు సహజంగా పెరిగే చోట్లు దాదాపు లేవు. 1995 నుంచి అది అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. దుంగ దేశం దాటాలంటే ఎన్ని అనుమతులు కావాలో, అవి లేకుండా ఎన్ని దుంగలు దాటిపోతాయో ఇక్కడి టీ అంగడి దగ్గర కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు.

ఆ అంగడి దగ్గరే ఇంకో మాటా వినిపిస్తుంది. "విదేశాల్లో అణు రియాక్టర్లకు మన ఎర్రచందనం వాడతారంట, రేడియేషన్‌ను పీల్చుకుంటుందంట, అందుకే అంత రేటు." మీలో సగం మంది ఇది విని ఉంటారు. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇదే ప్రశ్న క్లాసులో అడిగాను. అయ్యవారు మర్నాడు ఇంటినుంచి బొమ్మలకొలువులో పెట్టే పాత ఎర్రచందనపు బొమ్మను తెచ్చారు. బీకరులో నీళ్లు పోసి అందులో వేశారు. బొమ్మ మునిగిపోయింది.

"చూశారా, ఇది బరువైన చెక్క. దీని మహిమ అంతవరకే" అన్నారు. "న్యూట్రాన్ వేగాన్ని తగ్గించేది హైడ్రోజన్. అది ఈ చెక్కలోనూ ఉంది, చింతచెక్కలోనూ ఉంది. కానీ బొమ్మకన్నా, బొమ్మ మునిగిన ఈ నీళ్లు ఆ పని ఇంకా బాగా చేస్తాయి. రియాక్టర్ కట్టేవాడికి కావలసింది నీళ్లు. నీళ్లలో మేలురకం భారజలం. దొంగతనం చేయాలనుకుంటే దాన్ని చేయండి." క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ భారజలం కథే ఈరోజు మీకు చెప్పబోతున్నాను.

ముందు పరిశోధనా రియాక్టర్ అంటే ఏమిటో రెండు మాటలు. కరెంటు పుట్టించే రియాక్టర్‌కు వేడి కావాలి, న్యూట్రాన్లు ఆ వేడికి సాధనం. పరిశోధనా రియాక్టర్‌లో ఇది తలకిందులు. న్యూట్రాన్లే కావాలి, వేడిని వదిలించుకుంటారు. ఆ న్యూట్రాన్లతో లోహాలను పరీక్షిస్తారు, విద్యార్థులకు శిక్షణ ఇస్తారు, వైద్యానికి ఐసోటోపులు తయారుచేస్తారు. మన స్విమ్స్ ఆసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. ఎముకల స్కానింగుకు రోగి ఒంట్లోకి ఎక్కించే టెక్నీషియం ఆరు గంటల్లో సగమైపోతుంది. దాన్ని ఇచ్చే మాలిబ్డినం అరవై ఆరు గంటల్లో సగమవుతుంది. గోదాములో దాచుకుని వాడుకునే సరుకు కాదది. ఎక్కడో ఒక రియాక్టర్ వారం వారం నడుస్తుంటేనే ఆ రోగికి స్కానింగు. 2009లో కెనడాలోని ఎన్‌ఆర్‌యూ రియాక్టర్ ఆగిపోతే ప్రపంచమంతా ఆసుపత్రుల్లో స్కానింగులు వాయిదాపడ్డాయి. కాబట్టి పేద దేశం ఒక రియాక్టర్ అడిగితే దాన్ని అత్యాశ అనలేం.

అయితే అదే రియాక్టర్‌లో యురేనియం కడ్డీలు ఉంటాయి, వాటిలో కొంత ప్లుటోనియంగా మారుతుంది. సహజ యురేనియంతో నడిచే రియాక్టర్‌లో ఒక మెగావాటు ఉష్ణశక్తికి రోజుకు దాదాపు ఒక గ్రాము. 40 మెగావాట్ల రియాక్టర్ ఏడాదిలో ఎనిమిది నెలలు నడిచినా తొమ్మిది కిలోలు దాటుతుంది. ఒక బాంబుకు చాలినంతగా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కకట్టే ప్లుటోనియం ఎనిమిది కిలోలు. లైసెన్సు ఇచ్చేవాడి తలనొప్పంతా ఈ చిన్న గుణకారంలోనే ఉంది.

ఇక అయ్యవారి బదులు పుస్తకం సంగతి. అప్పట్లో చుట్టుపక్కల బళ్లకు ప్రయోగశాలలు ఉండేవి కావు. పరీక్షల ముందు మా లాబ్ నుంచి సామాను బదులు తీసుకెళ్లేవారు. ఒకసారి ఒక బడివాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ తీసుకెళ్లారు. రిజిస్టరులో 'స్కూలు పనికి' అని రాసి సంతకం పెట్టారు. వినాయక చవితికి అయ్యవారు అటు పోతే, మన ట్రాన్స్‌ఫార్మర్ పందిట్లో రంగుబల్బులు వెలిగిస్తోంది. అడిగితే ఆ బడి పెద్దాయన తడుముకోకుండా చెప్పాడట: "పందిరి కూడా స్కూలుదే కదా సార్!"

అయ్యవారు తిరిగొచ్చి, రిజిస్టరులో ఎర్రసిరాతో మూడు గళ్లు కొత్తగా గీశారు. ఒకటి, ఏ పనికి? రెండు, ఎప్పటికి తిరిగొస్తుంది? మూడు, ఎవరు చూశారు? మూడో గడి నింపడానికి ఆయనే ఆదివారాలు బస్సెక్కి ఆ ఊళ్లకు పోయేవారు.

ఇప్పుడు మన అణు పరిశోధనా కేంద్రం ఉన్న ట్రాంబేకి వెళదాం. 1953 డిసెంబరు 8న ఐక్యరాజ్య సమితిలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 'శాంతి కోసం అణువు' అని ప్రకటించాక, అణువిద్యను పంచడం పెద్దమనిషి తరహా అయింది. మన మొదటి రియాక్టర్ అప్సర 1956 ఆగస్టు 4న పనిచేయడం మొదలుపెట్టింది. డిజైను మనది, ఇంధనం బ్రిటన్‌ది. దాన్ని అదుపులో పెట్టే ఎలక్ట్రానిక్స్ తయారీలో ముందు నిలిచినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కొలంబో ప్రణాళిక కింద 40 మెగావాట్ల రియాక్టర్ ఇవ్వడానికి కెనడా ఒప్పందం చేసుకుంది. దానికి కావలసిన భారజలం, 21 టన్నులు, అమెరికా అమ్మింది. అందుకే దాని పేరు సైరస్: కెనడా, ఇండియా, చివర అమెరికా. 1960 జూలై 10న అది మొదలైంది.

ఒప్పందాల్లో షరతు ఒక్కటే: శాంతియుత ప్రయోజనాలకు వాడాలి. శాంతియుతం అంటే ఏమిటో విడమరిచి రాయలేదు. వచ్చి చూసే ఏర్పాటు గట్టిగా లేదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1957లో గాని పుట్టలేదు. వాడిన ఇంధనం మీద పట్టు కూడా ఇచ్చినవారి చేతిలో పూర్తిగా లేదు. మొదటి ఇంధనంలో సగం మనమే తయారుచేసుకున్నాం, 1964 నాటికి ప్లుటోనియం వేరుచేసే ప్లాంటు కూడా ట్రాంబేలోనే నడిచింది. అంటే మొదటి గడిలో 'స్కూలు పనికి' అని ఉంది, మిగతా రెండు గళ్లు అసలు గీయలేదు.

1974 మే 18న పోఖ్రాన్‌లో మనం చేసినదాన్ని 'శాంతియుత అణు విస్ఫోటనం' అన్నాం. అందులోని ప్లుటోనియం సైరస్‌ది. కెనడా ప్రధాని ట్రూడో 1971లోనే ఇందిరాగాంధీకి లేఖ రాసి, అలాంటి విస్ఫోటనాన్ని తాము ఒప్పుకోబోమని చెప్పారు. ఒప్పందంలో ఆ మాట లేదని మన వాదన. న్యాయశాస్త్రం ప్రకారం ఆ వాదనలో పస లేకపోలేదు. కానీ నేను ఎప్పుడు ఆ వాదన చదివినా రంగుబల్బులు కళ్ల ముందు మెరుస్తాయి. పందిరి కూడా స్కూలుదే కదా సార్!

దేశభక్తి లేక ఇలా అంటున్నానని అనుకోకండి. చైనా 1964లో బాంబు పేల్చింది, 1962 గాయం ఆరలేదు, అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం అయిదు దేశాలకు ఒక పీట, మిగతా లోకానికి ఒక పీట వేసింది. దేశానికి దాని కారణాలు దానికున్నాయి. నేనడుగుతున్నది చిన్న ప్రశ్న: ఆ రియాక్టర్ ఇచ్చినవాడి స్థానంలో మనం ఉంటే, ఆ కాగితం ఎలా రాసేవాళ్లం?

ఇచ్చినవాళ్లు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. 1975లో లండన్‌లో ఏడు దేశాలు కూర్చున్నాయి. అదే తరవాత అణు సరఫరాదారుల బృందమైంది. 1978లో వాళ్ల నిబంధనలు అచ్చయ్యాయి. ఏయే వస్తువు ఎగుమతి చేస్తే తనిఖీ షరతు తప్పనిసరో వాటిలో జాబితా ఇచ్చారు. రియాక్టర్ అంటే ఏది రియాక్టరో కూడా నిర్వచించారు: ఏడాదికి 100 గ్రాములకు మించి ప్లుటోనియం పుట్టించలేని చిట్టి రియాక్టర్లను మాత్రం వదిలిపెట్టారు. చూడండి, 1956లో 'శాంతి' అనే విశేషణంతో సరిపెట్టుకున్నవాళ్లు 1978కి గ్రాముల్లోకి దిగారు. లోకానికి ఆ లెక్క నేర్పింది మనమే. ఆ గురుదక్షిణ కూడా మనమే చెల్లించాం.

అమెరికా అదే 1978లో కొత్త చట్టం చేసింది. దాని దెబ్బ మన తారాపూర్ అణు విద్యుత్ కేంద్రానికి తగిలింది. ఇంధనం పంపడానికి లైసెన్సు ఇవ్వబోమని 1980లో వాళ్ల అణు నియంత్రణ కమిషన్ తేల్చింది. అధ్యక్షుడు కార్టర్ తన అధికారంతో పంపమన్నారు. ప్రతినిధుల సభ వద్దంది. సెనేట్‌లో 48–46, రెండు ఓట్ల తేడాతో కార్టర్ మాట నిలిచింది. మన ఇళ్లల్లో దీపం వెలగాలా వద్దా అని ఎక్కడో రెండు చేతులు తేల్చాయన్నమాట. లైసెన్సు ఇచ్చేవాడి మనసు మారితే పుచ్చుకున్నవాడి గతేమిటో అప్పుడు తెలిసింది.

హైదరాబాద్‌లో అప్పటికే ఒక జవాబు మొదలైంది. సాంబశివరావు గారి నాయకత్వంలో 1967లో ఈసీఐఎల్ వచ్చింది. 1971లో అణు ఇంధన సముదాయం, మనం ఎన్‌ఎఫ్‌సీ అనేది, వచ్చింది. బయట తలుపులు మూసుకున్నాక కంట్రోలు ప్యానెళ్లకూ, జిర్కోనియం గొట్టాలకూ, ఇంధనపు కట్టలకూ ఆ రెండు చోట్లే దిక్కయ్యాయి. రాకెట్లలోనూ అంతే. రష్యా క్రయోజెనిక్ పరిజ్ఞానం ఇవ్వబోతే 1993లో అమెరికా ఒత్తిడితో ఆగిపోయింది. మన సొంత క్రయోజెనిక్ ఇంజను శ్రీహరికోట నుంచి విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. 'ఇవ్వకపోవడమే మేలయింది' అని సభల్లో చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. నడుమ కరిగిపోయిన ఇరవై ఏళ్లను కూడా లెక్కలో వేయాలి. ఆ ఏళ్లలో రిటైరైపోయిన ఇంజనీర్లు మన సూళ్లూరుపేటలోనే ఉన్నారు.

మన దేశం బల్లకు అవతలి వైపు కూర్చున్న రోజూ ఒకటి ఉంది. 1991లో ఇరాన్‌కు 10 మెగావాట్ల పరిశోధనా రియాక్టర్ అమ్మే విషయమై మాటలు సాగాయి. అమెరికా గట్టిగా అడ్డుచెప్పింది. అమ్మకం జరగలేదు. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు గారు. ఆ ఏడాది నవంబరులోనే మన రాయలసీమలోని నంద్యాల నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఖజానాలో డాలర్లు అడుగంటిన ఏడాది అది. నంద్యాల ఉపఎన్నిక మెజారిటీ చాలామందికి గుర్తుంది. ఈ రియాక్టర్ సంగతి గుర్తున్నవారు తక్కువ. ఆ రియాక్టర్ వెళ్లి ఉంటే మంచయ్యేదా చెడయ్యేదా అన్న వాదంలోకి నేను దిగను. మన నోటితో 'వద్దు' అనడానికీ, 'ఈ షరతులతో అయితే సరే' అనడానికీ మన దగ్గర రాతపూర్వకమైన పద్ధతి ఎంత ఉందన్నది ముఖ్యం. పద్ధతి లేనివాడి నిర్ణయాన్ని పక్కవాడే చేసిపెడతాడు.

ఇప్పుడు పద్ధతి ఉంది. 1962 నాటి అణుశక్తి చట్టం పునాది వేసింది. 2005లో సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం వచ్చింది. 2006లో అణుశక్తి విభాగం అణు ఎగుమతుల మార్గదర్శకాలు ప్రకటించింది. ప్రత్యేక రసాయనాలు, జీవులు, పదార్థాలు, పరికరాలు, పరిజ్ఞానాల జాబితా ఒకటుంది, ఎగుమతిదారులు దాన్ని 'స్కోమెట్' అంటారు. అందులో మొదటి కేటగిరీ అంకె సున్నా. అది అణు వస్తువులది. ఆ జాబితాను వెలువరించేది విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్. ఎర్రచందనం ఎగుమతి నిబంధనలు వెలువడేదీ అక్కడి నుంచే. సున్నా కేటగిరీకి లైసెన్సు ఇచ్చే అధికారం మాత్రం అణుశక్తి విభాగానిది. టీ అంగడి పుకారు కలపాలనుకున్న చెక్కనూ రియాక్టర్‌నూ ఆ డైరెక్టరేట్ నిజంగానే ఒక గూటిలో పెట్టింది!

2008 సెప్టెంబరు 6న సరఫరాదారుల బృందం మనకు మినహాయింపు ఇచ్చింది. సభ్యత్వం మాత్రం 2016లో అడిగినా రాలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు, ఇక్కడ ఇంకా బంతిలో చోటే దొరకలేదు. అయినా ఆ నిబంధనలు పాటిస్తామని మాట ఇచ్చాం. సైరస్‌ను కూడా 2010 డిసెంబరు 31న శాశ్వతంగా ఆపేశాం. యాభై ఏళ్లలో అది బాంబుకు ప్లుటోనియమూ ఇచ్చింది, ఆసుపత్రులకు ఐసోటోపులూ ఇచ్చింది. రెండూ ఒకే కొలిమిలోవి. ఇంకొక విచిత్రం: గోదావరి ఒడ్డున మణుగూరులో మన భారజల కర్మాగారం ఉంది. ఒకనాడు 21 టన్నులకు చేయి చాచిన దేశం ఇప్పుడు దక్షిణ కొరియాకూ అమెరికాకూ భారజలం అమ్మింది. ఇచ్చే చేయి మనదైంది కాబట్టి గళ్లు గీయవలసిన వంతూ మనదే.

ఆ గళ్లలో ఏం రాయాలి? అనుభవం చెబుతున్నది చూద్దాం.

ఏ పనికి? ఇక్కడ విశేషణాలు పనికిరావు, కొలతలు కావాలి. ఎన్ని మెగావాట్లు, ఏ ఇంధనం, ఎంత శుద్ధి. కెనడా మనకిచ్చిన తరహా రియాక్టర్‌నే, అదే 40 మెగావాట్లది, తైవాన్‌కు కూడా ఇచ్చింది. బాంబు అనుమానం వచ్చి, అమెరికా ఒత్తిడితో 1988లో అది మూతపడింది. అర్జెంటీనా కంపెనీ ఇన్వాప్ ఆస్ట్రేలియాకు కట్టిన 20 మెగావాట్ల ఓపాల్ 20 శాతం లోపు శుద్ధి ఉన్న యురేనియంతో నడుస్తుంది, వైద్యానికి ఐసోటోపులు ఇస్తుంది. దాని మీద ఇలాంటి అనుమానాలు లేవు. కొనేవాడి గుణమే కాదు, వస్తువు గుణమూ ముందే తేల్చుకోవచ్చు.

ఎప్పటికి తిరిగొస్తుంది? రియాక్టర్ తిరిగిరాదు, ఇంధనం రావాలి. చైనా ఘనా, నైజీరియాలకు బాంబుకు పనికొచ్చేంత శుద్ధి ఇంధనంతో చిట్టి రియాక్టర్లు ఇచ్చింది. 2017, 2018ల్లో ఆ ఇంధనాన్ని వెనక్కి తీసుకుని, తక్కువ శుద్ధిది పెట్టారు. ఆ తిరుగుప్రయాణం అచ్చయిన లైసెన్సులోనే ఉండాలి. ప్రభుత్వాలు మారాక చూద్దామంటే కుదరదు. వియత్నాంలోని దలాత్ రియాక్టర్ నుంచి 1975లో, సైగాన్ పడిపోయే ముందు, అమెరికన్లు హడావుడిగా ఇంధనం తీసుకుపోవలసి వచ్చింది.

ఎవరు చూశారు? అమెరికా పంపిన చిన్న రియాక్టర్ కాంగోలోని కిన్షాసాలో 1959లో మొదలైంది. 1970లలో అక్కడి ఇంధన కడ్డీలు రెండు మాయమయ్యాయి. ఒకటి 1998లో ఇటలీలో మాఫియా చేతిలో దొరికింది. రెండోది దొరకనేలేదు. మనకిది కొత్త కథలా అనిపిస్తోందా? శేషాచలంలో పెరిగిన చెట్టు ఏ సముద్రం అవతల తేలుతుందో మనకు తెలియని కథేనా? చూసేవాడు లేనిచోట ముద్ర పడిన కాగితానికీ ముద్రలేని కాగితానికీ తేడా లేదు.

మన ఎర్రచందనం దగ్గర మనం చేస్తున్న పొరపాటూ ఇదే. చెట్టు నరికిన కూలీని పట్టుకుంటాం. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో ఇరవై మంది కాల్పుల్లో పోయారు. దుంగ చివరికి చేరిన ఇంటి తలుపు తట్టినవాడు లేడు. చివర చూడని నియంత్రణ బరువంతా మొదట ఉన్న బీదవాడి మీద పడుతుంది. రియాక్టర్ల సంగతిలో అది బీద దేశం మీద పడుతుంది. ఎవడో ఒకడు మాట తప్పాడని అడిగిన ప్రతివాడికీ లేదంటే, స్కానింగు ఆగిపోయేది ఎక్కడో మనలాంటి ఊళ్లోనే. ఇవ్వడం మానేయమని అయ్యవారు ఎన్నడూ అనలేదు. ట్రాన్స్‌ఫార్మర్ పందిట్లో చూసిన మరుసటి నెల అదే బడికి మళ్లీ సామాను ఇచ్చారు. కాకపోతే మూడు గళ్లూ నింపించుకుని ఇచ్చారు.

మొహమాటం లేకుండా మూడు ప్రశ్నలూ అడిగే హక్కు మనకు ఉంది. అడగనందువల్ల ఏం జరిగిందో ప్రపంచంలో మనకన్నా దగ్గరగా తెలిసినవాళ్లు లేరు. ఆ సందులోంచి దూరినవాళ్లం మనమే. ఈ సంగతి ఒప్పుకుని అడిగితే ఆ ప్రశ్నలో పెత్తనం ధ్వనించదు.

ఒక చిన్న మాటతో ముగిస్తాను. అయ్యవారు పోయాక ఆ బదులు పుస్తకం నా దగ్గరికి వచ్చింది. చివరి పేజీలో చివరి వరుస: బారోమీటరు. ఏ పనికి: తొమ్మిదో తరగతి పాఠానికి. ఎప్పటికి: కొత్తది కొనుక్కున్నాక. మూడో గడి ఖాళీ. అప్పటికే ఆయన మంచం పట్టారు. పోయిన నెల నేను ఆ ఊరికి బస్సెక్కాను. బారోమీటరు తరగతి గోడకే ఉంది, పక్కన పిల్లలు సుద్దముక్కతో ఆనాటి కొలత రాసుకున్నారు. కొత్తది ఇంకా కొనలేదట. మూడో గడిలో తేదీ వేసి సంతకం పెట్టి వచ్చాను.